చనిపోయిన గవర్నరుకి మూడు ఓట్లు

హాల్బ్రుక్, దక్షిణ డకోటా
నవంబరు 9, 1952

క్లెమ్,

నీ కాళ్ళు ఎలా ఉన్నాయి? ముందు అది రాయి, మిగతావి తర్వాత. ఉన్ని మేజోళ్ళు పంపాను. మధ్యాహ్నం పూట లైబ్రరీకి ఎవరూ రారు కనక బల్ల వెనక కూర్చుని అల్లాను. ఒకటి రెండోదానికంటే కొంచెం పొడుగు వచ్చింది. బడిలో సిస్టర్ ప్లాసిడా అయితే విప్పించి మళ్ళీ అల్లించేది. నువ్వు ఏమీ అనవు కదా.

మనవాళ్ళు గెలిచారు. గవర్నర్ లాథ్రాప్ అధ్యక్షుడిగా గెలిచినట్టు బుధవారం సాయంత్రానికి గాని రేడియోలో చెప్పలేదు. అన్ని రాష్ట్రాల్లో ఆయన వైపు ఎలక్టర్లను, అంటే డిసెంబరులో అసలు ఓటు వేసేవాళ్ళను, కలిపితే కావలసిన దానికంటే రెండంటే రెండే ఎక్కువ ఉన్నాయట. ఆ ఎలక్టర్లలో నాన్న ఒకడు. జూలైలో పార్టీ సభలో నలుగురు కావలసి వస్తే ఎవరో నాన్న పేరు చెప్పారు. ఇన్నేళ్ళుగా వాళ్ళ మీటింగులకి మన కొట్లోంచి కుర్చీలు అద్దె లేకుండా పంపుతున్నాడు కదా, దానికి మర్యాద అన్నమాట. అప్పుడే చెయ్యెత్తి లాథ్రాప్‌కే వేస్తానని ప్రమాణం చేశాడు. డిసెంబరు పదిహేనున పియర్‌లో శాసనసభ భవనానికి వెళ్ళి, మిగతా ముగ్గురితో కలిసి కాగితం మీద పేరు రాసి రావాలి.

క్షౌరం చేయించుకోవడానికి వెళితే ఎమిల్ అన్నాడట, "ఇన్నాళ్ళూ మమ్మల్ని పాతిపెట్టే పనే నీదనుకున్నాం. ఏలేవాణ్ణి కూడా నువ్వే తయారుచేస్తున్నావా యోకిం?" అని. నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెప్పి కొంచెం నవ్వాడు. అమ్మ పోయాక ముందు గదిలో కుర్చీలకంటే వెనక గదిలో శవాల పెట్టెల దగ్గరే ఎక్కువ ఉంటున్నాడు. నవ్వితే నాకు కొత్తగా ఉంది.

ఈస్టరుకి మిమ్మల్నందర్నీ ఇంటికి తెస్తానని లాథ్రాప్ ప్రతి సభలోనూ అన్నాడు. నేను ఆ మాటను పేపరులో మళ్ళీ మళ్ళీ చదవను. ఒకసారి చదివాను, చాలు.

మెడ కప్పుకో.
ఓటిలియా


కొరియా
నవంబరు 21, 1952

అక్కా,

కాళ్ళున్నాయి. రెండూ. మేజోళ్ళు ఇంకా రాలేదు. వచ్చాక పొడుగుది ఎడమ కాలికి వేసుకుంటాను, ఆ వైపు డేరాకి చిరుగుంది.

మా నాన్న అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటాడని చెబితే ఇక్కడ ఒక్కడూ నమ్మలేదు. హాస్కెల్ మరీను. వాడు ఆర్కన్సా వాడు, నా పక్క మంచం. "నేను ఓటేసింది లాథ్రాప్‌కి. ముక్కూ మొహం తెలియని మీ నాన్నకెందుకు వేస్తాను?" అని గొడవపడ్డాడు. ఎవరు ఎవరికి వేసినా ఆ ఓట్లన్నీ చివరికి ఇలాంటి నాన్నల చేతికే వెళతాయని సార్జెంటు చెప్పాడు. పుట్టి పెరిగిన దేశంలో ఇన్నేళ్ళూ ఎవరూ తనకి ఈ సంగతి చెప్పలేదని హాస్కెల్ అందరిమీదా కోపం తెచ్చుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "మీ నాన్నకి జలుబు చెయ్యకుండా చూసుకోమని రాయి" అన్నాడు. అందుకే రాస్తున్నాను. నాన్నని జలుబు చెయ్యకుండా చూసుకో.

ఈస్టరు దాటితే వాడు పత్తి చేలోకి వెళతాడట. నువ్వెక్కడికి అని నన్నడిగాడు. కొట్టుకే అన్నాను. అయితే ముందు గదికే, కుర్చీలూ బల్లలూ చెయ్యడానికి. వెనక గదికి ఇంకో మనిషిని చూసుకోమని నాన్నతో ఇప్పుడే అనకు. వచ్చాక నేనే అంటాను.

ఇక్కడ చెప్పడానికి వేరే ఏమీ లేదు. ఉన్నది చెప్పనివ్వరు.

క్లెమ్


హాల్బ్రుక్
నవంబరు 29, 1952

క్లెమ్,

ఈపాటికి మీకూ తెలిసి ఉంటుంది. బుధవారం పొద్దున లాథ్రాప్ చనిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. స్నానానికి నీళ్ళు పెట్టుకుని, ఇంకా దిగనేలేదట. మర్నాడు పండగ. టర్కీ కోడిని అప్పటికే తెచ్చాను కనక వండాను. ఇద్దరం తిన్నాం. ఊళ్ళో అందరూ అలాగే వండుకుని తిన్నట్టున్నారు.

భయపడకు. లాథ్రాప్‌తో పాటు ఉపాధ్యక్షుడిగా నిలబడ్డ విట్‌కమ్ శుక్రవారం రేడియోలో మాట్లాడాడు. ఆయన మాటే తన మాట అనీ, ఈస్టరంటే ఈస్టరే అనీ అన్నాడు. లాథ్రాప్ బదులు విట్‌కమ్ పేరు రాయమని పార్టీవాళ్ళు ఎలక్టర్లందరికీ తంతి కొట్టారు. మనకీ వచ్చింది. చట్టప్రకారం ఎవరి పేరైనా రాయవచ్చుట. కానీ ఎవరు రాస్తారు? విట్‌కమ్‌కి సగం పైన రాకపోతే సంగతి ప్రతినిధుల సభకి పోతుంది. అక్కడ రాష్ట్రానికి ఒక ఓటు. అవతలి పార్టీ చేతిలో రాష్ట్రాలు ఎక్కువ ఉన్నాయి కనక వాళ్ళ హార్మన్ గెలుస్తాడు. యుద్ధం గెలిచేదాకా ఒక్క సైనికుణ్ణి కూడా కదిలించనన్నది ఆయనే. ఇదంతా అందరికీ తెలిసిందే కాబట్టి అలా జరగదు.

నాన్న కొట్టు రెండు రోజులు మూశాడు. ముందు అద్దానికి నల్ల గుడ్డ కట్టాడు. లాథ్రాప్ అంత్యక్రియలు రేడియోలో వస్తుంటే అయిపోయేదాకా నిలబడే విన్నాడు. పెట్టె మోసేవాళ్ళు మరీ త్వరగా నడుస్తున్నారని అన్నాడు. అడుగుల చప్పుడుని బట్టి ఆయనకి తెలుస్తుంది.

నువ్వు కొట్లో పని చేస్తానన్న ఉత్తరం నిన్న అందింది. వెనక గది సంగతి చెప్పలేదు.

ఓటిలియా


కొరియా
డిసెంబరు 7, 1952

అక్కా,

మేజోళ్ళు వచ్చాయి. బాగున్నాయి.

లాథ్రాప్ సంగతి మాకు భోజనాల దగ్గర చెప్పారు. తర్వాత హాస్కెల్ తన రొట్టె తినేసి నాది కూడా తిన్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఒక్క సంగతి కనుక్కుని రాయి. నాన్న విట్‌కమ్ పేరే రాస్తాడు కదా? రాయకుండా ఎందుకుంటాడని నాకూ తెలుసు. కానీ నాన్న ఒకసారి ప్రమాణం చేశాడంటే ఎలా ఉంటాడో కూడా తెలుసు. అమ్మతో పొగాకు మానేస్తానన్నాడు, అమ్మ పోయాక కూడా ముట్టలేదు. నువ్వు అడగవు. అడగాలనుకుని, ఆయన ఎదురుగా కూర్చుని, బంగాళాదుంపలు ఇంకొంచెం వెయ్యనా అంటావు. అయినా అడుగు. ఇక్కడ మంచు మోకాళ్ళు దాటింది. కిందటి వారం కొండ మీదికి వెళ్ళినవాళ్ళలో సగంమంది దిగిరాలేదు. ఉత్తరాలు తనిఖీ చేసేవాళ్ళు ఈ ముక్క కొట్టేస్తారేమో, కొట్టెయ్యకపోతే చదువు.

అడుగు అక్కా.

క్లెమ్


హాల్బ్రుక్
డిసెంబరు 19, 1952

క్లెమ్,

నీ ఉత్తరం నిన్న, గురువారం, అందింది. నాన్న సోమవారమే పియర్ వెళ్ళి వచ్చేశాడు. కాబట్టి అడగవలసిన పని లేకపోయింది.

నల్ల సూటు వేసుకుని వెళ్ళాడు. దారిలో మంచు లేదట. నలుగుర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి తలొక కాగితం ఇచ్చారట. వాళ్ళలో హ్యూరన్ నుంచి వచ్చిన టోలెఫ్సన్ గారు ఒకావిడ. వితంతువు, పెద్దావిడ. అంతసేపూ లాథ్రాప్‌ని తలుచుకుని ఏడుస్తూనే ఉందట. ఆవిడకి నాన్న తన రుమాలు ఇచ్చాడు. తిరిగి తీసుకోవడం మరిచిపోయాడు.

క్రిస్మస్‌కి నీకు ఒక డబ్బా పంపాను. కూఖెన్ కేకు చేశాను, ప్రూన్ పళ్ళు వేసి. దారిలో ఎండిపోతే కాఫీలో ముంచుకో.

ఇక్కడ చలి మామూలే.

ఓటిలియా


కొరియా
జనవరి 3, 1953

అక్కా,

కూఖెన్ ముక్కలైంది. డబ్బాలో చెంచా పెట్టుకుని తిన్నాం.

సైన్యం పేపరులో చదివాం. చనిపోయిన లాథ్రాప్ పేరు ముగ్గురు ఎలక్టర్లు రాశారట. ఒకరు వెర్మాంటు, ఒకరు ఒరెగాను, ఒకరు మన రాష్ట్రం. మన దగ్గర సంతకం పెట్టకుండా రాస్తారు కనక ఎవరన్నది తెలియదని వేశారు. చనిపోయినవాడికి వేసింది లెక్కలోకి రాదు. రెండు పోయినా విట్‌కమ్ గట్టెక్కేవాడు. మూడు పోవడంతో ఒక్కటి తక్కువైంది.

నీ ఉత్తరం కూడా అదే రోజు వచ్చింది. అందరూ, "ఎవరు వీడు? మీ రాష్ట్రమేగా, మీ నాన్నకి తెలిసే ఉంటుంది" అని నా చుట్టూ చేరారు. నువ్వు రాసిన టోలెఫ్సన్ ముసలావిడ సంగతి చదివి వినిపించాను. ఇంక అనుమానం ఏముంది? అంతసేపూ ఏడ్చిందంటే ఆవిడే. హాస్కెల్ కాగితం తీశాడు. ఆవిడకి అందరం కలిసి ఉత్తరం రాశాం. ఏం రాశామో నీకు చెప్పను, నువ్వు చదివే రకం మాటలు కావు. పదకొండు మందిమి సంతకాలు పెట్టాం. నాది మొదటిది. హ్యూరన్ పోస్టాఫీసు అని రాస్తే చేరుతుంది కదా.

నాన్న ఆవిడ పక్కనే కూర్చుని, రుమాలు కూడా ఇచ్చి, ఇలా జరిగిందని తెలిశాక ఆయనకి ఎలా ఉందో. ఆయన తన వంతు చేశాడని వీళ్ళందరికీ తెలుసు. మొన్న కాపలాకి నా వంతు వస్తే హాస్కెల్ తను వెళ్ళాడు. "అధ్యక్షుణ్ణి చెయ్యబోయినవాడి కొడుకువి, పడుకో" అన్నాడు.

ప్రతినిధుల సభలో ఏమవుతుందో. అంటున్నాను గాని, తెలుసు.

క్లెమ్


హాల్బ్రుక్
జనవరి 15, 1953

క్లెమ్,

సభ హార్మన్‌ని ఎన్నుకుంది. మీకు చెప్పే ఉంటారు.

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

అది టోలెఫ్సన్ గారు కాదు. నాన్న.

పియర్ నుంచి వచ్చిన రోజు రాత్రి భోజనం దగ్గర తనే చెప్పాడు. నేను అడగలేదు. పేపర్లో రాకముందు కాబట్టి నాకు అది పెద్ద సంగతి అనిపించలేదు, ఒక మర్యాదలాగే అనిపించింది. నీకు రాసేటప్పుడు రాయలేదు. ఎందుకు రాయలేదో సరిగ్గా చెప్పలేను. నీ ఉత్తరం అప్పటికే నా ఎదురుగా ఉంది.

ఆయన అన్న మాటలు ఇవి. "రెండు ఎక్కువున్నాయన్నారు. నేనొక్కణ్ణే కదా అనుకున్నాను. అందరూ అంత త్వరగా కాగితం తిప్పి ఇంకో పేరు రాసేస్తే, పాపం ఆ మనిషికి ఎవరూ లేనట్టు అవుతుంది. గెలిచినవాడు ఆయన. ఆయనది ఆయనకి ఇచ్చి పంపాలి."

నీకు తెలుసు కదా, ఖాళీ చేతుల మీద నాన్న ఎవరికీ పెట్టె మూత వెయ్యడు. జపమాలో, పైపో, ఏమీ లేకపోతే ఇంటివాళ్ళనడిగి చొక్కా గుండీ అయినా చేతిలో పెడతాడు. అదే చేశాడు. వెర్మాంటులోనూ ఒరెగానులోనూ ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు తామొక్కరమే అనుకుని అదే చేశారు. ముగ్గురూ ఒకరినొకరు ఎరగరు.

టోలెఫ్సన్ గారి గురించి నువ్వు రాసింది నిన్న చదివాను. చదివి నాన్నకి చెప్పాను. ఈసారి అడక్కుండానే చెప్పాను. ఆయన టోపీ పెట్టుకుని హ్యూరన్ బయల్దేరాడు. మీ ఉత్తరం అప్పటికే ఆవిడకి చేరింది. ఆవిడ ఏడ్చిన సంగతి పాకి ఇంకా వేరేవాళ్ళవి కూడా చాలా వచ్చాయట, కిటికీ ఒకటి పగిలి ఉందట. నాన్న అక్కడ నిలబడే సంగతంతా చెప్పాడు. ఆవిడ కాఫీ ఇచ్చింది. లాథ్రాప్ పేరు రాయాలని తనకీ ఉండిందనీ, చెయ్యి రాలేదనీ అందట. రుమాలు ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చింది.

తిరిగి వస్తూ నాన్న నేరుగా పేపరు ఆఫీసుకి వెళ్ళి తన పేరు రాసుకోమన్నాడు. ఈ పొద్దున వేశారు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. నీకు నాన్న మీద కోపం వచ్చిందా? వస్తే ఆయనకి రాయకు, నాకు రాయి.

ఓటిలియా


కొరియా
ఫిబ్రవరి 2, 1953

అక్కా,

ఉత్తరం అందింది. కాళ్ళు బాగానే ఉన్నాయి.

హార్మన్ ప్రమాణం చేసిన రోజునే వంతుల ప్రకారం ఇంటికి పంపడం ఆపేశారు. మార్చిలో నా వంతు ఉండింది, లాథ్రాప్ వచ్చినా రాకపోయినా. అది నీకు ముందు రాయలేదు. వచ్చి తలుపు కొడదామనుకున్నాను.

నీ ఉత్తరం చదివి ఒక రోజు జేబులో ఉంచుకున్నాను. తర్వాత డేరాలో చెప్పాను, అది మా నాన్నే అని. సంతకాలు పెట్టినవాళ్ళలో ఏడుగురు ఉన్నారు అప్పుడు. ఒకడు తుపాకీ తుడుచుకుంటూ, "మీ నాన్న పెట్టెలు ఏ చెక్కతో చేస్తాడు?" అని అడిగాడు. ఎగతాళికి కాదు. మామూలుగా అడిగాడు. ఓకు అనీ, డబ్బు లేనివాళ్ళకి దేవదారు అనీ చెప్పాను. దేవదారు మంచిదే అన్నాడు.

హాస్కెల్ లేడు. జనవరి ఇరవై ఆరున పోయాడు. వాడికి ఈ సంగతి చెప్పే పని పడలేదు. పడి ఉంటే ఏమనేవాడో చాలాసేపు ఆలోచించాను. వాణ్ణి కొండ మీంచి కిందికి తెచ్చింది నేనే. వాడి చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఏదైనా పెట్టాలని నాకు తట్టనే లేదు, తర్వాత నీ ఉత్తరంలో చదివాను.

టోలెఫ్సన్ గారికి క్షమించమని ఇంకో ఉత్తరం రాయాలి. రాయాలని అందరం అన్నాం. కాగితం ఎవరూ తియ్యలేదు.

కోపం వచ్చిందా అని అడిగావు. వస్తుందని ఎదురుచూశాను. పడుకుని కావాలని తెచ్చుకోడానికి కూడా చూశాను, ఆయన మొహం తలుచుకుని, ఆ గది తలుచుకుని. రాలేదు. మంచిదే కదా అంటావేమో. ఇక్కడ ఈమధ్య నాకు ఏదీ రావడం లేదు అక్కా. ఇంటికి వచ్చే సంగతి తలుచుకున్నా అంతే. ఎవరిదో ఇల్లు లాగా ఉంటుంది. ఈ ఒక్క ముక్కా నాన్నకి చదివి వినిపించకు.

పిలుస్తున్నారు.

క్లెమ్


హాల్బ్రుక్
ఫిబ్రవరి 16, 1953

క్లెమ్,

నువ్వు చదివి వినిపించకు అన్నావు. వినిపించలేదు. కానీ ఏం జరిగిందో చెబుతాను.

మొదట ఊరి సంగతి. ఎవరూ మనల్ని ఏమీ అనలేదు. ఎమిల్ నాన్నకి ఎప్పటిలాగే జుట్టు కత్తిరిస్తున్నాడు, మాట్లాడకుండా. కిందటి వారం వేబర్ల అబ్బాయి కొరియా నుంచి రైలులో వచ్చాడు. పెట్టెలో. వాళ్ళు అబర్డీన్ నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నారు. వేబర్ గారు స్వయంగా కొట్టుకి వచ్చి టోపీ తీసి, "మా ఆవిడ ఒప్పుకోవడం లేదు యోకిం" అని చెప్పి వెళ్ళాడు. నాన్న సరేనన్నాడు. అంత్యక్రియలకి వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాడు. మేమిద్దరం కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోలేదు, కానీ చోటు చాలా ఉండింది, అందువల్ల కావచ్చు.

వెనక గదిలో పని లేదు. నాన్న ముందు గదిలో కుర్చీలకి రంగు వేస్తున్నాడు.

రోజూ నేను లైబ్రరీ నుంచి రాగానే, "వాడి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా?" అని అడుగుతాడు. శుక్రవారం వచ్చింది. నేను పోస్టాఫీసులోనే చదివేసుకుని కోటులో దాచాను. ఇంటికి రాగానే అడిగాడు. లేదని అనాలనుకున్నాను. ఆయన చెయ్యి చాచాడు. నా మొహం చూస్తే తెలిసిపోయి ఉంటుంది. ఇచ్చేశాను. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను, నీకు తెలుసు.

కిటికీ దగ్గర నిలబడి చదివాడు. చాలాసేపు పట్టింది. నేను బంగాళాదుంపలు తరుగుతూ ఉన్నాను. అయ్యాక కాగితాన్ని మడతల ప్రకారం మడిచి కవరులో పెట్టాడు.

"చేతిరాత బాగుపడింది వాడికి" అన్నాడు.

అవునన్నాను. కూర్చుని తిన్నాం. మధ్యలో లేచి ఆ కవరు మళ్ళీ తీసి లోపలికి చూశాడు.

"నాకని ఇంకో కాగితం ఏమైనా ఉందా?" అని అడిగాడు.

లేదన్నాను.

ఓటిలియా